తిరుగుతోంది కానీ ఊదడం లేదు: 1966 ఎంజీబీ జీటీ బ్లోయర్ కేసు

“ఆయన బండి నడుపుతారు, నేను రుమాలుతో అద్దం తుడుస్తాను. చలికాలం ఈ కారులో మా ఇద్దరి డ్యూటీలూ ఇవే.”

కారు యజమాని భార్య నాతో అన్న మొదటి మాట అది. 2023 నవంబరు, బర్మింగ్‌హామ్ శివార్లలో నా షెడ్డు. ఆయన రిటైరైన డాక్టరు గారు, తెనాలి వైపు వారు. ఉద్యోగమంతా ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లోనే గడిచింది. కారు 1966 ఎంజీబీ జీటీ, ఇంగ్లండ్ ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు, ముదురాకుపచ్చ రంగు. 1979లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు, ఇప్పటిదాకా వదల్లేదు. ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పారు: “స్విచ్ వేస్తే ఫ్యాన్ మోగుతుంది బాబూ, గాలి మాత్రం రాదు.”

జవాబు ఆ ముక్కలోనే ఉంది. అది నా తలకెక్కడానికి ఒకటిన్నర రోజు పట్టింది.

నా దగ్గరికి రాకముందు రెండు చోట్ల చూపించారు. ఒకచోట ఇంజిన్ నీళ్ళ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మార్చారు. ఇంకోచోట హీటరుకు వేడి నీళ్ళు వదిలే, ఇంజిన్ మీదుండే హీటర్ వాల్వ్ మార్చి, “పాత కార్లన్నీ ఇంతే సార్, కోటు వేసుకోండి” అన్నారట. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎంజీబీ హీటరు కొత్తగా ఉన్నప్పుడు కూడా ఈనాటి కార్లలా ఊదేది కాదు. కానీ ముందు అద్దం మీద ఆవిరిని కూడా తుడవలేనంత బలహీనంగా దాన్ని ఎవరూ తయారు చెయ్యలేదు. పైగా 40 ఏళ్ళు దాటిన కార్లకు ఇక్కడ ఏటా జరిగే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. ఏడాదికోసారి వేరేవాళ్ళ కళ్ళు పడే అవకాశం కూడా ఆ కారుకు పోయింది.

కారు గురించి కొంచెం చెప్పాలి. ఎంజీబీని 1962 నుంచి 1980 అక్టోబరు వరకు ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్‌లో తయారు చేశారు. మొదట గుడ్డ టాపు రోడ్‌స్టర్ వచ్చింది. 1965లో గట్టి టాపు, వెనక పైకి లేచే తలుపు ఉన్న జీటీ వచ్చింది. ఇంజిన్ 1798 సీసీ, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ-సిరీస్. నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, డైనమోలు, సెల్ఫ్ మోటార్లు చుట్టే మేస్త్రి దగ్గర. మా దగ్గరికి వచ్చే పాత పెట్రోల్ అంబాసిడర్ల 1489 సీసీ ఇంజిన్ కూడా ఈ బీ-సిరీస్ కుటుంబానిదే. ఇంగ్లండ్ వచ్చాక మొదటిసారి ఒక ఎంజీబీ బోనెట్ ఎత్తినప్పుడు, తెలియని ఊళ్ళో బస్సు దిగగానే మేనమామ ఎదురైనట్టు అనిపించింది. కార్బ్యురేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్క. డిస్ట్రిబ్యూటర్ అవతలి పక్క. చేతులకు దారి ముందే తెలుసు.

హీటరు మాత్రం ఆటోనగర్‌లో నేర్పే విషయం కాదు. బెజవాడలో కారుకు హీటరు ఎందుకు? ఇక్కడ కూడా ఈ కారు వచ్చిన కొత్తలో అది అదనపు డబ్బు పెట్టి వేయించుకునే వస్తువే. స్మిత్స్ కంపెనీ తయారీ. ఇంజిన్ వెనక, బల్క్‌హెడ్ (ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య రేకు గోడ) మెట్టు మీద కూర్చున్న రేకు పెట్టె. గాలి వెళ్ళే దారి ఇది. ముందు అద్దం కింద బోనెట్ చివర ఉన్న జల్లెడలోంచి గాలి లోపలి గూట్లోకి దిగుతుంది. అక్కణ్ణుంచి ఫ్యాన్ దాన్ని లాగి, వేడి నీళ్ళు పారే చిన్న రేడియేటర్ గుండా తోస్తుంది. తర్వాత కొంత అద్దానికి, కొంత కాళ్ళ దగ్గరికి పోతుంది. జల్లెడలోంచి గాలితోపాటు వాన కూడా దిగుతుంది కాబట్టి, ఆ గూటి అడుగున నీళ్ళు పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. ఈ గొట్టాన్ని గుర్తుపెట్టుకోండి.

ఎంజీ కార్లున్న వాళ్ళలో ఒక పాత జోకు ఉంది: ముందు హీటరు పెట్టి, దాని చుట్టూ కారు కట్టారని. ఆ పెట్టెను ఒక్కసారి బయటికి తీసినవాడు మళ్ళీ ఆ జోకుకు నవ్వడు.

మొదటి రోజు

ఇంజిన్ వేడెక్కాక హీటరుకు వెళ్ళే హోస్, తిరిగొచ్చే హోస్ రెండూ పట్టుకుని చూశాను. రెండూ కాలుతున్నాయి. నీళ్ళు తిరుగుతున్నాయి, వేడి వస్తోంది. అంటే థర్మోస్టాట్, వాల్వ్ మార్చినవాళ్ళు లేని జబ్బుకు మందు వేశారు. లోపం గాలి వైపే ఉంది.

స్విచ్ వేశాను. మోటారు తిరిగింది, సన్నగా కీచుమంటూ. అద్దం కింద ఉన్న చీలిక దగ్గర టిష్యూ కాగితం పట్టుకుంటే చివర కాస్త వణికింది, అంతే.

తర్వాత ఒక అగరబత్తి వెలిగించాను. నా షెడ్డులో అది పూజకూ ఉంటుంది, పనికీ ఉంటుంది. బయట జల్లెడ దగ్గర పొగ పెడితే, ఫ్యాన్ సరిగ్గా లాగుతుంటే పొగ తీగలా సాగి లోపలికి దూకాలి. ఇక్కడ అది బద్ధకంగా తేలింది, కాస్త లోపలికి వంగింది, మళ్ళీ నిటారుగా లేచింది. జల్లెడ కింద గాలి దారి మూసుకుపోయిందనుకున్నాను. టార్చి వేసి చూస్తే నిజంగానే ఎండుటాకులు కనిపించాయి. అనుమానం రూఢి అయిందనుకుని లోపల్లోపల సంతోషించాను కూడా.

మీటరు తీశాను. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు. మోటారు తిరుగుతుండగా దాని తీగల మధ్య 9.9. దారిలో రెండున్నర వోల్టులకు పైగా మాయం. ఈ కాలపు ఇంగ్లీషు కార్లలో ఇది మామూలే. ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే కరెంటు వచ్చే ఆకుపచ్చ తీగల సర్క్యూట్ మొత్తం ఒకే ఫ్యూజు మీద నడుస్తుంది. వైపర్, ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, మీటర్లు, హీటరు, అన్నీ దాని కిందే. ఫ్యూజు క్లిప్పులకు పచ్చగా కిలుం పట్టింది. తీగలు కలిపే బుల్లెట్ కనెక్టర్ల పరిస్థితీ అంతే. ఈ కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీని ఇక్కడివాళ్ళు చీకటి యువరాజని వెక్కిరిస్తారు కానీ, అరవై ఏళ్ళు తుడవకపోతే ఎవరి కనెక్టర్ అయినా చీకటే చూపిస్తుంది.

ఇక బ్యాటరీ తీసేసి పనిలోకి దిగాలి. ఈ మోడల్‌లో 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉండదు. ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు, సీట్ల వెనక నేల కింద, సిరీస్‌లో ఉంటాయి. తివాచీ ఎత్తి, మూత విప్పి, ముందుగా బ్యాటరీని కారు బాడీకి కలిపే ఎర్త్ స్ట్రాప్ తీశాను. నల్ల తీగ, నెగటివ్. తీసి పక్కన పెట్టాను. ఈ కేసులో నేను చేసిన అసలు తప్పు ఆ క్షణంలో జరిగింది. దాని సంగతి తర్వాత.

ఫ్యూజు క్లిప్పులు గీకాను, కొత్త 35 ఆంప్ లూకాస్ ఫ్యూజు వేశాను. అది 35 దగ్గర కాలేది, నిరంతరంగా మోసేది 17 మాత్రమే. మామూలు 35 ఆంప్ ఫ్యూజు కొని వేసేవాళ్ళు ఈ తేడా చూసుకోవాలి. కనెక్టర్లు మార్చాను, మోటారు ఎర్త్ చోట రంగు గీకి మెరిసే రేకుకు బిగించాను. మోటారు దగ్గర 12.1 వచ్చింది. ఫ్యాన్ చప్పుడు రెట్టింపైంది.

గాలి? టిష్యూ ఇంకొంచెం గట్టిగా వణికింది.

అప్పటికి సాయంత్రం నాలుగున్నర, బయట చీకటి. మోటారుకు కరెంటు నిండుగా వస్తోంది, జోరుగా తిరుగుతోంది, గాలి లేదు. ఆకులే కారణం అనుకున్నా, పిడికెడు ఆకులకు ఇంత తేడా రాదు. ఇంటికి వెళ్ళి అన్నం తింటూ కూడా అదే ఆలోచన. మా ఆవిడ రెండుసార్లు పెరుగు కావాలా అని అడిగి, మూడోసారి ఊరికే వేసేసింది.

పెట్టె బయటికి

మోటారు ఒక్కటే మార్చాలంటే పెట్టె మొత్తం తీయక్కర్లేదు. మూడు స్క్రూలు విప్పి, రెండు తీగలు లాగేస్తే మోటారు ఫ్యాన్‌తో సహా బయటికి వస్తుంది. రెండో రోజు పొద్దున్న అదే చేశాను. మోటారు వచ్చాక ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే లోపలి రేడియేటర్ ముఖం కనిపించాలి. నాకు కనిపించింది ఎండిపోయిన ఆకుల పొడి, దుమ్ము కలిసి తయారైన చాప. దాని చుట్టూ ఉండాల్సిన స్పాంజి పట్టీలు పొడైపోయి, గాలి రేడియేటర్‌ను తప్పించుకుని పక్క సందుల్లోంచి పోయేలా ఉంది. ఇది చూశాక మోటారు మార్చి మూసేస్తే నాకు నిద్ర పట్టదు. డాక్టరు గారికి ఫోన్ చేశాను.

“సార్, పెట్టె మొత్తం బయటికి తియ్యాలి. ఇంకో రోజు పడుతుంది.”

“ఆపరేషన్ మొదలుపెట్టాక పొట్ట తెరిచి ఉంచి అనుమతి అడుగుతున్నావా? కానియ్యి.”

పని వరుస ఇలా సాగింది. రేడియేటర్, ఇంజిన్ బ్లాక్ రెండింటి నుంచీ కూలెంట్ దించాను. హీటరు వాల్వ్ తెరిచి ఉంచితేనే పెట్టెలోని నీళ్ళు కూడా దిగుతాయి, లేకపోతే అవి చివర్లో మీ చొక్కా మీద దిగుతాయి. హోసులు పాతబడి గొట్టాలకు అతుక్కుపోయాయి. ఇక్కడ లాగకూడదు, మెలి తిప్పకూడదు. లోపలి రేడియేటర్ గొట్టాలు పల్చటివి, టంకంతో అతికినవి. బలం చూపిస్తే టంకం దగ్గర చిట్లుతాయి. హోసును బ్లేడుతో నిలువునా చీల్చి అరటి తొక్కలా ఒలిచేశాను. హోసు పదో పరకో పెడితే దొరుకుతుంది. రేడియేటర్ పోతే కథ వేరు.

తర్వాత కారు లోపల. డాష్‌బోర్డు మధ్యలో రేడియో ఉన్న కన్సోల్ విప్పాలి. రేడియో అంటే పాత కేసెట్ ప్లేయరు. అందులో ఇంకా ఒక కేసెట్ ఉంది. దాన్ని జాగ్రత్తగా తీసి పెట్టాను. ఇక వెల్లకిలా పడుకుని, తల పెడళ్ళ దగ్గర, కాళ్ళు సీటు మీదుగా తలుపు బయటికి పెట్టి, కంటికి కనిపించని చోట చేత్తో తడుముకుంటూ పని చెయ్యాలి. అద్దానికి గాలి తీసుకెళ్ళే రెండు గొట్టాలు పెట్టె అడుగు నుంచి ఊడదీయాలి. గాలి తలుపును లాగే కేబుల్ చిన్న స్క్రూతో బిగించి ఉంటుంది. ఆ స్క్రూ వదులు చేస్తే చాలు, పూర్తిగా తీస్తే అది తివాచీ కింద ఎక్కడో మాయమవుతుంది. నేను పూర్తిగా తీశాను. ఇరవై నిమిషాలు అయస్కాంతం కర్రతో వెతికాను.

బోనెట్ కింద పెట్టె అంచు వెంట ఉన్న స్క్రూలన్నీ తీశాక కూడా అది కదల్లేదు. ఎప్పుడో వేసిన మాస్టిక్ బంక బల్క్‌హెడ్‌కు పట్టేసింది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, పుట్టీ పెట్టే పల్చటి రేకును అంచుల కింద దూర్చి కొంచెం కొంచెంగా వదిలించాను. పెట్టె పైకి వచ్చే దారిలో ప్రతి చోటా ఏదో ఒకటి అడ్డం పడుతుంది. ముందు ఒక మూల ఎత్తి, వంచి, తిప్పి, మళ్ళీ దించి, ఇంకో మూల ఎత్తాలి. ఇరుకు మేడ మెట్ల మీంచి బీరువా దింపినవాళ్ళకు ఈ పని అర్థమవుతుంది.

పెట్టె లేచాక కింద గూడు పూర్తిగా కనిపించింది. నీళ్ళు పోయే గొట్టం మూతి దగ్గర ఆకులు నల్లటి మట్టిగా మారి బిగుసుకున్నాయి. అంటే వానాకాలమంతా ఆ గూట్లో నీళ్ళు నిలిచేవి. మోటారు బుష్‌లు (ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు) పాడై కీచుమన్నది అందుకే. డాక్టరు గారి భార్య తన వైపు తివాచీ ఎప్పుడూ తడిగా ఉంటుందన్నది కూడా అందుకే. ఆ సంగతి ఆమె చెప్పినప్పుడు నేను పట్టించుకోలేదు, హీటరు గురించి మాట్లాడుతుంటే తివాచీ ఎందుకు అనుకున్నాను. కారు కిందకు వెళ్ళి గొట్టం చివరి నుంచి తీగ దూర్చి, పైనుంచి నీళ్ళు పోసి దారి చేశాను.

బెంచి మీద

పెట్టె రెండు ముక్కలు, అంచుల్లో స్ప్రింగ్ క్లిప్పులతో పట్టి ఉంటాయి. విప్పి, రేడియేటర్ తీసి, రెండు వైపుల నుంచీ నీళ్ళతో కడిగాను. ఒక చివర మూసి, రెండో చివర గాలి ఊది, బకెట్ నీళ్ళలో ముంచి చూశాను. బుడగలు లేవు. అదృష్టం. రేకు పెట్టెను గీకి తుప్పు ఆపే ప్రైమర్, నల్ల రంగు వేశాను. స్పాంజి పట్టీలు కొత్తవి కోసి అంటించాను.

మోటారు చేత్తో తిప్పితే ఇరుసు అటూ ఇటూ ఊగుతోంది. బుష్‌లు అరిగాయి. కార్బన్ బ్రష్‌లు చివరికి వచ్చాయి. కొత్త బ్రష్‌లు, బుష్‌లు వేసి బతికించవచ్చు, మా మేస్త్రి అయితే అదే చేసేవాడు. కానీ ఈ కారుకు కొత్త మోటార్లు సులభంగా దొరుకుతాయి. మళ్ళీ పెట్టె తీసే ఓపిక నాకు లేదు, కాబట్టి కొత్తది తెప్పించాను.

పాత ఫ్యాన్ ఊడదీసే ముందు ఒక కొలత తీసుకోవాలి: మోటారు బిగింపు పళ్ళెం నుంచి ఫ్యాన్ అంచు వరకు ఎంత దూరం. కొత్త ఇరుసు మీద అదే దూరంలో పెట్టకపోతే ఫ్యాన్ రేకుకు రాసుకుంటుంది. ఆ సంగతి అంతా బిగించాకే తెలుస్తుంది.

కొలత తీసుకున్నాక, ఎందుకో పాత మోటారునే ఒకసారి పెట్టెలో బిగించి బెంచి మీద తిప్పి చూద్దామనిపించింది. శుభ్రం చేసిన పెట్టెలో అది ఎంత ఊదుతుందో తెలిస్తే, కొత్తది వచ్చాక పోల్చుకోవచ్చు కదా. కారులో ఉన్నట్టే, ఆకుపచ్చ-పసుపు తీగ కలిసే వైపు పాజిటివ్, నల్ల తీగ కలిసే వైపు నెగటివ్ ఇచ్చాను. బయటికి గాలి వచ్చే మూతి దగ్గర కాగితం పెట్టాను. ఆకులు లేవు, పట్టీలు కొత్తవి, నిండు 12 వోల్టులు. కాగితం బద్ధకంగా ఊగింది.

చేతిలో ఉన్న క్లిప్పులు మార్చి పెట్టాను. ఏం ఆలోచించి చేశానంటే చెప్పలేను, మీటరు తీగలు తిరగేసి చూసే అలవాటు ఉంటుంది కదా, అలాంటిదే. కాగితం నా చేతిలోంచి ఎగిరి గోడ మీద ఉన్న క్యాలెండర్‌కు తగిలింది.

ఫ్యాన్ ఇన్నాళ్ళూ తిరగబడి తిరుగుతోంది.

ఎర్త్ కథ

1966 ఎంజీబీ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు పాజిటివ్ ఎర్త్ కారు. బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలుస్తుంది. 1967 దాకా వచ్చిన ఎంజీబీలన్నీ అంతే. ఆల్టర్నేటర్‌తో వచ్చిన తర్వాతి మోడల్ నుంచి నెగటివ్ ఎర్త్ అయింది. మొదటి రోజు నేను బ్యాటరీ దగ్గర ఎర్త్ స్ట్రాప్ తీసినప్పుడు చేతిలో పట్టుకున్నది నెగటివ్. ఆ కారులో ఆ చోట నెగటివ్ ఉండకూడదు. ఉందంటే మధ్యలో ఎవరో మార్చారని అర్థం. ఆ క్షణంలో ఆగి ఆలోచించి ఉంటే ఒకటిన్నర రోజు మిగిలేది.

డాక్టరు గారిని అడిగాను. “సార్, ఈ కారు ఎర్త్ ఎప్పుడైనా మార్పించారా?”

“ఎర్త్ ఏంటి?”

“పోనీ, కేసెట్ ప్లేయర్ ఎప్పుడు పెట్టించారు?”

అది వెంటనే గుర్తొచ్చింది. 1986 మే నెల. తెనాలి నుంచి వాళ్ళ తమ్ముడు పాత తెలుగు పాటల కేసెట్లు పెట్టె నిండా తెచ్చాడట. ఆ ప్లేయర్లు నెగటివ్ ఎర్త్ కార్లకు చేసినవి. అది పెట్టడానికి కారు ఎర్త్ మొత్తం తిరగేశారు.

ఎర్త్ తిరగేస్తే ఏది మారుతుంది, ఏది మారదు అన్నది మోటారు లోపలి నిర్మాణం మీద ఆధారపడుతుంది. సెల్ఫ్ మోటారులో, ఈ కారు వైపర్ మోటారులో బయటి అయస్కాంతం కూడా తీగ చుట్టే. కరెంటు తిరగేస్తే బయటి చుట్టా తిరగబడుతుంది, లోపల తిరిగే చుట్ట, అంటే ఆర్మేచరూ తిరగబడుతుంది. రెండు తిరగబాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మోటారు ఎప్పటిలాగే తిరుగుతుంది. శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారు అలా కాదు. అయస్కాంతం మారదు, ఆర్మేచర్ ఒక్కటే తిరగబడుతుంది, కాబట్టి ఇరుసు ఎదురు దిశలో తిరుగుతుంది. ఈ హీటరులో ఉన్నది ఆ రకం. కరెంటు లేకుండా ఇరుసును వేళ్ళతో తిప్పితే అక్కడక్కడ పట్టి పట్టి వదులుతుంది, ఆ రకాన్ని గుర్తుపట్టడం అంత సులువు. తీగలు రెండూ తారుమారు చేసి కలిపితే సరిపోయేది. ఐదు నిమిషాల పని.

అప్పుడు ఆ పని చేసినవాళ్ళు మిగతావి బాగానే చేశారు. డైనమోకు కొత్త ధ్రువత్వం ఇచ్చారు, లేకపోతే అది ఛార్జి చేసేదే కాదు. ఇంజిన్ స్పీడు చూపే టాకో మీటరు ఎర్త్ మారగానే ఆగిపోయిందట, దాన్ని విడిగా బాగుచేయించారు. ఆగిపోయిన వస్తువు కంటికి కనిపిస్తుంది. హీటరు ఆగలేదు, చప్పుడు చేస్తూనే ఉంది. పైగా అది మే నెల. హీటరు స్విచ్ వేసే అవసరం వచ్చేసరికి అక్టోబరు. అప్పటికి కేసెట్ ప్లేయరుకూ హీటరుకూ సంబంధం ఉంటుందని ఎవరు అనుకుంటారు?

“మొదట్లో బాగానే వచ్చేది బాబూ. కారుకు వయసైంది కదా, నాలాగే ఊపిరి తగ్గిందనుకున్నా” అన్నారు డాక్టరు గారు. పక్కనుంచి ఆమె: “ముప్ఫై ఏడేళ్ళు రుమాళ్ళు ఉతికాను.”

ఇంత తెలిశాక ఎర్త్‌తో సంబంధం ఉన్న ఇంకొకటి చూడకుండా వదల్లేను, స్పార్కుకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్. దాని రెండు సన్న తీగలు కూడా ఎర్త్ మార్చినప్పుడు మార్చుకోవాలి. మార్చకపోయినా ఇంజిన్ నడుస్తుంది, కానీ స్పార్కుకు ఎక్కువ వోల్టేజీ కావాలి, చలి పొద్దున్న మొండికేస్తుంది. పాత మేస్త్రీల పద్ధతిలో ప్లగ్గుకూ దాని తీగకూ మధ్య పెన్సిల్ మొన పెట్టి చూశాను. నిప్పురవ్వ విచ్చుకునేది ప్లగ్గు వైపు ఉండాలి. ఇక్కడ తీగ వైపు ఉంది. కాయిల్ కూడా 1986 నుంచి తిరగబడే ఉంది. మార్చేశాను.

బిగింపు

కొత్త మోటారుకు రెండు తీగలూ ఒకే రంగువి వచ్చాయి, ఏది ఏమిటో రాసి లేదు. ఇదే మోటారును ఎవరైనా రంగు చూసుకోకుండా కలిపితే సగం మందికి తిరగబడే తిరుగుతుంది. బెంచి మీద పెట్టెలో బిగించి, కాగితం ఎగిరే వైపు చూసుకుని, పాజిటివ్ తీగకు ఎర్ర టేపు చుట్టాను. పెట్టె మీద తెల్ల పెయింటుతో బాణం గుర్తు కూడా గీశాను. నా తర్వాత దీన్ని విప్పేవాడికి అది పనికొస్తుంది.

తిరిగి పెట్టడం తీయడం కన్నా కొంచెం సులువు, ఎందుకంటే ఏ మూల ఎటు వంగాలో చేతులకు గుర్తుంది. మాస్టిక్ బదులు అంటుకునే స్పాంజి పట్టీ వేశాను. కేబుల్ బిగించే ముందు డాష్‌బోర్డు మీద నాబ్‌ను చివరి దాకా తిప్పి, గాలి తలుపు నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా అని చేయి పెట్టి చూడాలి. సగం తెరుచుకునే తలుపుకు ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా దండగే. కొత్త హోసులు వేసి, హీటరు వాల్వ్ తెరిచి కూలెంట్ నింపాను. కారు ముక్కును జాక్‌తో కాస్త ఎత్తి నడిపితే హీటరులో చిక్కుకున్న గాలి బుడగ త్వరగా బయటికి వస్తుంది.

ఇంజిన్ వేడెక్కాక స్విచ్ వేశాను. టిష్యూ చేతిలోంచి పోయింది. జల్లెడ దగ్గర అగరబత్తి పొగ దారంలా సాగి లోపలికి దూరింది. అద్దం మీద కావాలని నోటితో ఊది ఆవిరి పట్టించాను, కళ్ళముందే కింది నుంచి పైకి కరిగిపోయింది.

మొత్తం పని 11 గంటలు. బిల్లు 7 గంటలకే వేశాను. మొదటి రోజు ఫ్యూజులు, కనెక్టర్లు నిజంగా బాగుచెయ్యాల్సినవే కాబట్టి ఆ గంటలు తీసుకున్నాను. బ్యాటరీ దగ్గర నిద్రపోయినందుకు పట్టిన గంటలు నావి. ఇప్పుడు నా షెడ్డుకు 1967కు ముందు కారు ఏది వచ్చినా, బోనెట్ ఎత్తక ముందే వెనక తివాచీ ఎత్తి ఏ తీగ బాడీకి కలిసిందో చూసి జాబ్ కార్డు మీద రాస్తున్నాను.

డాక్టరు గారు జనవరిలో ఫోన్ చేశారు. ఈసారి ఫిర్యాదు ఆయనది కాదట, ఆవిడదట. కాళ్ళ దగ్గర మరీ కాలిపోతోంది, ఆ పక్క చిన్న తలుపు మూసుకోవడం లేదు అని. 1986 నుంచి దాన్ని మూసే అవసరమే రాలేదు కదా, మడత బందు తుప్పుపట్టి అలాగే ఉండిపోయింది. శనివారం తీసుకురమ్మన్నాను.